ఇంటి ముచ్చట్లు: నేల మాట వినండి

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టబోయే ముందు నేలను చూడమని నా మనవి.

కోరాపుట్‌లో మా బావగారు కొన్న స్థలం కొండవాలున ఉంది. మధ్యలో కాపుకొచ్చిన పనసచెట్టు. చెట్టు కొట్టించి, యంత్రంతో నేల చదును చేయించాకనే శంకుస్థాపన అంటున్నారు. ఆయనకు చెప్పిన సంగతే మీకూ చెబుతాను.

తిరువనంతపురంలో ఉళ్ళూర్ గుట్టమీద సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ అనే విద్యాసంస్థ ఉంది. 1970 దశకంలో దాన్ని కట్టినవారు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులో పుట్టి, మన దేశంలో స్థిరపడి, 2007లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన గుట్టను చదును చేయించలేదు. భవనాలే వాలును అనుసరించి సాగుతాయి. చెట్టు అడ్డువస్తే గోడే వంపు తిరిగి పక్కకు తప్పుకుంటుంది.

ఇది సోకు కాదండీ, లెక్క. వాలుకు అడ్డంగా, ఒకే మట్టం వెంబడి ఇల్లు పొడుగ్గా పెడితే తవ్వకం తక్కువ. నిలువుగా పెడితే ఒక కొస తవ్వాలి, రెండో కొస మట్టి పోసి మెరక చేయాలి. పోసిన మట్టి సరిగా దిమ్మిస చేయకపోతే కుంగుతుంది, గోడ బీటలిస్తుంది. పునాది తవ్విన మట్టిని బయట పోసి, మళ్ళీ లోపలికి మోయించడం కూడా దండుగేనన్నారు బేకర్. మొదటే లోపలికి వేస్తే ఆ కూలి మిగులుతుంది.

బావగారు విని ఊరుకున్నారు. యంత్రం సోమవారం రావాలి. అక్కయ్య మాత్రం ఆదివారమే మేస్త్రీని పిలిపించింది, పనసచెట్టుకు ఎన్ని అడుగులు వదలాలో కొలవమని.