ఒంటరి పనివానికి తోడెవరు?

2024 ఆగస్టులో సౌదీ అరేబియా నుండి మన కరీంనగరమునకు ఒక దుర్వార్త వచ్చెను. అచ్చట సెల్‌ఫోను టవర్ల పనిలో కుదిరిన మన ఊరి యువకుడొకడు, సూడాన్ దేశీయుడైన సహచరునితో కూడ రుబ్ అల్ ఖాలీ ఎడారిలో దారి తప్పెను. దారి చూపవలసిన జి.పి.ఎస్. పనిచేయలేదు. బండిలో ఇంధనము తీరిపోయెను. ఫోను బ్యాటరీ అడుగంటెను. నాలుగు దినముల పిదప బండి ప్రక్కన, ఇసుకలో పరచిన జానమాజులపై ఇరువురి భౌతికకాయములు కనిపించినవి. ఆ ఎడారి వైశాల్యము సుమారు 6,50,000 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణము వంటివి ఐదు అందులో ఇముడును.

మన ఇండ్లలో అందరును ఈ వార్త విని కంటతడి పెట్టిరి, తఖ్దీర్ అనిరి. తఖ్దీరును గూర్చి మేము వాదింపము. కాని కేక వేసినచో వినువాడు లేని చోట ఇద్దరున్నను ఒంటరులే. అట్టి చోట చిక్కినవాడు ఎంత నేర్చియున్నను, ఆ నేర్పు అతనిని కొన్ని గంటలు మాత్రమే నిలుపగలదు. బండిని విడువరాదు, పగటియెండలో నడువరాదు. అటు తరువాత అతని ప్రాణము దూరమున కుర్చీలో కూర్చున్న మరొకని చేతిలో నుండును. "ఇతడు సాయంకాలము ఆరింటికి రావలసియుండెను, రాలేదే" అని గడియారము చూచి లేచువాడెవడు? ఒంటరి పనివారి రక్షణకై ఇచ్చు శిక్షణలో సగభాగము ఈ రెండవవానికి చెందవలెనని మా అభిప్రాయము. మనము ఇంతవరకు మొదటివానికి జాగ్రత్తలు చెప్పి పంపివేయుచున్నాము.

ఈ విషయమున మన బొగ్గుగనులు మంచి పాఠము చెప్పుచున్నవి. గనిలోనికి దిగు ప్రతివాడును ల్యాంపురూములో తన నంబరుగల తలదీపమును తీసికొనును. షిఫ్టు ముగిసి పైకి వచ్చినప్పుడు దానిని తిరిగి ఇచ్చును. ఒక దీపము తిరిగి రానిచో ఒక మనిషి ఇంకను లోపలనే ఉన్నాడన్నమాట. ఎంత సులభమైన లెక్క! ఇందులో గొప్ప యంత్రమేదియు లేదు. లెక్కించువానికి బాధ్యత తెలిసియుండుటయే ప్రధానము. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమములు కొత్తగా చేరువారికి ముందే శిక్షణయు, ఐదేండ్లకొకసారి పునఃశిక్షణయు విధించినవి. అయినను 2020 ఏప్రిల్‌లో రామగుండము ప్రాంతపు భూగర్భ గనిలోనికి దిగిన కార్మికుడొకడు పైకి రాకపోగా, అతనికై దినముల తరబడి గాలింపు జరిపిరి. మనిషి లోపలనున్నాడని తెలియుట ఒక ఎత్తు. ఎచ్చట నున్నాడో గంట గంటకు తెలిసియుండుట మరియొక ఎత్తు. దీపముల లెక్క మొదటిదానికే చాలును.

2019లో స్త్రీలను భూగర్భ గనులలో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగములకు అనుమతించునప్పుడు, షిఫ్టుకు ముగ్గురికి తక్కువ కాకుండ ఉండవలెనని కేంద్ర ప్రభుత్వము షరతు పెట్టెను. ఒంటరితనము అపాయమని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లయినది. ఆ అపాయము పురుషునికి లేదా?

ఇక కరెంటు లైన్‌మన్‌ను చూడుడు. వానలో తీగ తెగినదని పల్లెవారు ఫోను చేసిన అర్ధరాత్రి అతడు బయలుదేరవలసినదే. సబ్‌స్టేషను నుండి ఎల్.సి. తీసికొనవలెను, అనగా ఆ లైనులో సరఫరా నిలిపితిమని ఆపరేటరు మాట ఈయవలెను. పిదప తీగలో విద్యుత్తు లేదని పరీక్షించి, పనిచేయు చోటికి ఇరువైపుల ఎర్తు చేసి స్తంభమెక్కవలెను. ఎవరి ఇంటి జనరేటరు నుండియో విద్యుత్తు వెనుకకు వచ్చి చంపుటయు కలదు. ఎల్.సి. తీసికొన్నవాడే తిరిగి అప్పగించువరకు, ఎందరు ఫోను చేసి తొందరపెట్టినను ఆపరేటరు స్విచ్చి వేయరాదు. ఇచ్చటను ప్రాణము రెండవవాని చేతిలోనే ఉన్నది. స్తంభము క్రింద మూడవవాడుండవలెను: ముందు సరఫరా నిలిపించిన తరువాతనే పడినవానిని తాకవలెననియు, గుండె ఆగినచో ఛాతీని ఎట్లు అదుమవలెననియు నేర్చినవాడు. టార్చిలైటు పట్టుకొనుటకు వచ్చిన పల్లెవాడు ఆ పనికి చాలడు.

కాజీపేట–బల్లార్షా మార్గమున పట్టాల వెంట నడచు కీమ్యాను, కవ్వాల్ అడవిలో తిరుగు బీటు ఉద్యోగి, ఏ.టి.ఎం. ముందు కూర్చున్న రాత్రి కావలివాడు—వీరందరి స్థితియు ఇట్టిదే. బ్రిటన్ దేశమున 1974 నాటి చట్టము ఒంటరిగా పనిచేయుటను నిషేధింపలేదు. ఆ అపాయమును ముందుగా ఊహించి తగిన శిక్షణ, పర్యవేక్షణ ఏర్పరచు బాధ్యతను యజమానిపై ఉంచినది. గల్ఫునకు పోవువారికి 2018 నుండి మన విదేశాంగ శాఖ ఒకనాటి శిక్షణ ఇప్పించుచున్నది. మంచిదే. కాని అది పోవువానికి. ఇంటనుండువారికి? వారమున కొకసారి వచ్చు ఫోను రాకున్నచో ఎన్ని దినములు ఊరకుండవలెనో, ఎవరికి ఖబరు చేయవలెనో తల్లికిగాని భార్యకుగాని ఎవరును చెప్పలేదు. చాలమందికి కొడుకు పనిచేయు కంపెనీ పేరైనను సరిగా తెలియదు. వ్రాసియుంచుకొందమన్న ఆలోచన రాదు.

కావున కళాశాల కమిటీ వారికి మా మనవి: ఆఖరు సంవత్సరపు విద్యార్థులకును వారి ఇంటివారికిని కలిపి ఒక పూట తరగతి జరుపుడు. గని రెస్క్యూ దళమున పనిచేసి విరమించినవారిని, అనుభవజ్ఞుడైన లైన్‌మన్‌ను, గల్ఫు నుండి తిరిగివచ్చిన వారిని పిలువుడు. ఉర్దూలోను తెలుగులోను ఒక చీటీ అచ్చు వేయింపుడు: పనిచేయు స్థలము, యజమాని పేరు, తిరిగివచ్చు వేళ, ఆ వేళ దాటినచో మొదట ఎవరికి, పిదప ఎవరికి ఫోను చేయవలెను. ఇంటిలో చదువురాని పెద్దలకు దానిని చదివి వినిపించుట మా విద్యార్థుల పని. ఖర్చు కాగితములకు, చాయకు మించదు. వార్షిక పరీక్షలకు ముందే కమిటీ వారు తేదీ ప్రకటింతురని ఎదురుచూచుచున్నాము.