డిగ్రీ దండగంట! ఎవరికి?

కాలేజీ చదువు దండగని కొత్త జ్ఞానమొకటి మొలిచింది. మదనపల్లె టీకొట్ల దగ్గర, పెళ్లి పందిళ్లలో, యూట్యూబ్‌లో అంతటా ఒకటే పాట. "బీటెక్‌లు చదివి ఏం పీకినారు? నాలుగేళ్లు పాయె, లక్షలు పాయె. మండీలో కూర్చోబెట్టింటే ఈపాటికి సొంత బండి కొనుండేవాడు." పాడేవాళ్ల ఇళ్లలోకి ఒకసారి తొంగిచూడు అన్నా. పెద్దోడు టెక్సాస్‌లో ఎమ్మెస్, చిన్నమ్మాయి బెంగుళూరులో మెడిసిన్. వాళ్ల పిల్లలకేమో చదువు, మన పిల్లలకేమో శ్రీరంగనీతులు.

ఇంకో రకం మేధావి బిల్ గేట్స్ హార్వర్డ్ మానేశాడంటాడు. మానెయ్యాలంటే ముందు హార్వర్డ్‌లో సీటు రావాల గదప్పా! అదీ చాలకపోతే జిడ్డు కృష్ణమూర్తిని పట్టుకొస్తాడు. 1895లో మన మదనపల్లెలోనే పుట్టినాడు, లండన్ మెట్రిక్యులేషన్ మళ్లీ మళ్లీ తప్పినాడు, డిగ్రీ లేకుండానే లోకం చేత చెవులు నిక్కబొడిపించినాడు. అంతా నిజమే. ఆయన వెనుక అనీబిసెంట్ ఉందన్న మాట మాత్రం మింగేస్తారు. ఇంగ్లండులో ట్యూటర్లు, దివ్యజ్ఞాన సమాజం డబ్బు, పలుకుబడి, అన్నీ ఉన్నాయి. కురబలకోటలో కూలికిపోయే తల్లి కొడుకు పరీక్ష తప్పితే ఏ అనీబిసెంట్ వస్తుంది?

మేస్త్రీ వస్తాడు.

పైగా ఆ డిగ్రీ లేని మనిషి ఇదే కురబలకోట మండలంలో ఏం పెట్టించాడు? రిషీవ్యాలీ బడి. చదువు దండగనుకున్నవాడు బడి పెడతాడా?

కాలేజీల యజమానులారా, అప్పుడే చప్పట్లు కొట్టొద్దు. మీ వంతూ వచ్చింది. ఫలానా కాలేజీ అని వేలు చూపను, రాష్ట్రమంతా ఇదే కథ. ఏ పిల్లవాడి ల్యాబ్ రికార్డైనా తెరిచి చూడండి. పెన్సిల్‌తో గీసిన సర్క్యూట్ ముచ్చటగా ఉంటుంది. రీడింగులు మాత్రం అరవైమందికీ దశాంశంతో సహా ఒకటే! మీటరు ముట్టుకున్నవాడు ఒక్కడుంటే గొప్ప. ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరుకుతుంది, అట్ట మీద పేరు మారితే చాలు. పాఠం చెప్పేవాళ్ల జీతాలకు డబ్బుల్లేవంటారు, ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలకు మాత్రం రోడ్డు పొడవునా ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి సర్కారుది, ఆపేది పిల్లవాడి సర్టిఫికెట్! పార్టీలు మారినా ఈ తంతు మారలేదు.

దండగ ఇదీ. చదువు కాదు, చదువు తీసేసి అమ్ముతున్న కాగితం దండగ. టమోటా ధర పడిపోతే బాక్సులు రోడ్డు మీద పారబోస్తాం, మండీవాణ్ణి తిడతాం. చేను తప్పని ఎవడన్నా అంటాడా?

నాయనలారా, మీరూ తప్పించుకోలేరు. కొడుకుకు అప్పుచేసి పేమెంట్ సీటు, కూతురికి దగ్గర్లో ఏదో ఒక డిగ్రీ. అదీ సంబంధం కుదిరేదాకా! లాభనష్టాల లెక్క ఎప్పుడూ ఆడపిల్ల దగ్గరే ఎందుకు గుర్తుకొస్తుంది? ఆ పిల్లకు ఆ మూడేళ్లు అంటే మెడలో తాడు మూడేళ్లు ఆలస్యం. ఊరు దాటి బస్సెక్కడం. మీరు ఎంచిన సంబంధాన్ని వద్దనే ధైర్యం. ఏ ప్యాకేజీతో కొలుస్తారు దాన్ని?

కాలేజీ అంటే ఏంటో మన ఊరికి ఎప్పుడో తెలుసు. 1915లో అనీబిసెంట్ పెట్టిన మదనపల్లె కాలేజీ హోమ్‌రూల్ పక్షాన నిలిచింది. మద్రాసు యూనివర్సిటీ గుర్తింపు పీకేసింది. అయినా తలుపులు మూసుకోలేదు. 1919లో టాగూర్ వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. గుర్తింపు పోయినా అక్కడ చదువు మిగిలింది. ఇప్పటి కాలేజీలకు అన్ని గుర్తింపులూ ఉన్నాయి, గోడ నిండా ఫ్రేములు కట్టి మరీ!

కాబట్టి పంపించు. ఆడపిల్లను ముందు పంపించు. కానీ సంతలో మూట దించినట్టు పిల్లను దించేసి రావద్దు. చేర్చే రోజు ఫ్లెక్సీ చూడకు, ల్యాబ్ చూపించమను. లైబ్రరీ తాళం ఎవరి దగ్గరుందో అడుగు. పాఠం చెప్పేవాళ్లకు నెలనెలా జీతం అందుతోందా అని అడుగు. నీళ్లు నమిలితే లేచి వచ్చెయ్. వాళ్లకు కోపమొస్తే రానీ.

ఫీజు నువ్వు కట్టినా, సర్కారు కట్టినా ఆ డబ్బు నీదే. అడగడానికి నోరు రాలేదా? అయితే ఇంక చదువును తిట్టకు.