నడక నేర్పేవారికి నిలకడ ఏదీ?

పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే వైద్యం అయిపోయిందనుకుంటాం. నిజానికి సగం వైద్యం అప్పుడే మొదలవుతుంది. పడిపోయిన కాలూ చెయ్యీ తిరిగి స్వాధీనంలోకి రావడానికి మొదటి కొద్ది నెలలే కీలకం. అప్పుడు కదలిక లేకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి, వీపున పుండ్లు పడతాయి. మంచం పట్టిన మనిషిని రోజూ ఆటో ఎక్కించి పట్నం తీసుకుపోవడం కూలి చేసుకునే ఇంటికి అయ్యే పని కాదు. అందుకే ఇంటికి వచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు కావాలి. మండలంలోని భవిత కేంద్రం దాకా రాలేని దివ్యాంగ బాలల అవసరమూ ఇదే.

ఈ పనిలో తృప్తి లేకపోలేదు. రోగి తన గడప తాను దాటడం, తన ముద్ద తాను కలుపుకోవడం కళ్లారా చూసే భాగ్యం ఇంటికి వెళ్లేవారికే దక్కుతుంది. కానీ తృప్తితో పొయ్యి వెలగదు. నాలుగేళ్లకు పైగా చదివి వచ్చినవారిలో పలువురు కాంట్రాక్టు మీదనో, ఇంటికి ఇంత అని తీసుకునో పనిచేస్తున్నారు. అలాంటివారికి వైద్యం చేసిన గంటకే డబ్బు. ఊరికీ ఊరికీ మధ్య బండి మీద గడిచిన గంటకు లెక్క లేదు. పెట్రోలు ఖర్చూ సొంతమే. సందేహం వస్తే అడగడానికి పక్కన అనుభవజ్ఞులు ఉండరు. పైగా 'మాలిష్ చేసే అబ్బాయి' అనే చులకన మాట ఒకటి.

విసిగినవారు పట్నం ఆసుపత్రులకో, పరదేశాలకో పోతే నష్టపోయేది మంచం మీది మనిషే. రోగి శరీరం తెలిసిన చెయ్యి మారితే వైద్యం మళ్లీ మొదటికి వస్తుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పునరావాస సేవలను ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొంది. ఫిజియోథెరపీ వంటి వృత్తుల ప్రమాణాలకు, రిజిస్ట్రేషన్‌కు 2021లో కేంద్రం మరో చట్టం చేసింది. చట్టం గుర్తింపు ఇస్తుంది గాని జీతం ఇవ్వదు. నెలనెలా వేతనం, దూరాన్ని బట్టి ప్రయాణ భత్యం, రోజుకు న్యాయంగా చూడగలిగినన్ని ఇళ్లు, నెలకొకసారి అనుభవజ్ఞులతో సమావేశం ఏర్పాటు చేయాలి. మహిళా థెరపిస్టులు పొద్దుగూకక ముందే ఇల్లు చేరేలా చూడాలి.

గ్రామస్థుల బాధ్యతా ఉంది. చూపించిన వ్యాయామాన్ని ఇంటివారు పూటపూటా చేయించాలి. వారం తర్వాత వచ్చిన థెరపిస్టుకు రోగి వేలు కాస్త కదిపి చూపితే, అంతకు మించిన జీతం లేదని వారే అంటారు. అలాగని అసలు జీతం ఎగవేయడానికి అధికారులు ఆ మాటను వాడుకోరాదు.