నిద్రలేని తల్లి, కనిపించని పిల్ల

అపరాధ పరిశోధక నవలలు చదవవచ్చునా అని ఈ శీర్షికకు పాఠక సోదరీమణులు తరచుగా వ్రాస్తుంటారు. ప్రశ్న కొత్తది కాదు. ఇబ్నె సఫీ 1952లో ‘జాసూసీ దునియా’ ప్రారంభించిన నాటి నుండి ఉర్దూ చదివే ఇండ్లలోను, కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌కు అభిమానులు ఏర్పడిన నాటి నుండి తెలుగు చదివే ఇండ్లలోను ఈ వాదం నడుస్తూనే ఉంది. ‘ఔను’ అనో ‘కాదు’ అనో ఒక్క మాటలో తీర్పు చెప్పడం కంటే, ఒక పుస్తకాన్ని ఎదుట ఉంచుకొని, దానిని చదివినవారి అభిప్రాయాలను ధర్మపు త్రాసులో తూచి చూడడం ఎక్కువ ప్రయోజనకరం.

ఆంగ్లంలో ‘కోజీ మిస్టరీ’ అనే నవలా శాఖ ఒకటి ఉంది. అందులో హత్య జరుగుతుంది గాని రక్తపాత వర్ణన ఉండదు; అశ్లీలత దాదాపు ఉండదు. నేరాన్ని ఛేదించేది పోలీసు అధికారి కాదు, ఇరుగుపొరుగున ఉండే సామాన్య వ్యక్తి. అగాథా క్రిస్టీ 1930లో ప్రచురించిన ‘ది మర్డర్ ఎట్ ది వికరేజ్’ నవలలోని వృద్ధురాలు మిస్ మార్పల్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. డెబ్బై ఏండ్ల తరువాత అమెరికా రచయిత్రి అయెలెట్ వాల్డ్‌మన్ ఆ వృద్ధురాలి స్థానంలో ఒక బాలింతను నిలబెట్టింది. ‘మామీ ట్రాక్ మిస్టరీస్’ అనే ఆమె నవలామాలికలో 2001లో వెలువడిన రెండవ పుస్తకం ‘ది బిగ్ న్యాప్’. రేమండ్ చాండ్లర్ 1939లో వ్రాసిన ‘ది బిగ్ స్లీప్’ పేరును సరదాగా మార్చి పెట్టిన పేరు అది. పెద్ద నిద్ర కాస్తా చిన్న కునుకుగా మారింది. బాలింతకు అంతకంటే దొరికేదేముంది?

కథానాయిక జూలియట్ ఆపిల్‌బామ్ లాస్ ఏంజెలెస్ నివాసి. పేద నిందితుల పక్షాన వాదించే ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేసి, పిల్లల కోసం ఆ ఉద్యోగం విడిచిపెట్టిన స్త్రీ. భర్త సినిమా రచయిత. పెద్ద పిల్ల రూబీ. చంటివాడు ఐజాక్ నాలుగు నెలలవాడు, రాత్రులు నిద్రపోడు, తల్లిని నిద్రపోనివ్వడు. కొన్ని గంటలు బిడ్డను ఎత్తుకొనేవారు దొరికితే చాలునని ఆమె ఫ్రేడెల్ అనే అమ్మాయిని పెట్టుకొంటుంది. హసీదీ అనే కట్టుదిట్టమైన యూద సంప్రదాయానికి చెందిన కుటుంబంలోని పిల్ల ఆమె. ఒక్క పూట వచ్చిన ఆ పిల్ల మరునాడు రాదు, ఇంట్లోనూ కనిపించదు. కన్నవారు పోలీసులకు చెప్పడానికి వెనుకాడుతారు. నిద్రలేని ఈ తల్లి చంటివాణ్ణి వెంట బెట్టుకొని ఆ పిల్లను వెదకడానికి బయలుదేరుతుంది. ముగింపు చెప్పి చదివేవారి ఆసక్తిని చెడగొట్టడం న్యాయం కాదు కనుక కథను ఇక్కడితో ఆపుతాను.

ఈ పుస్తకంపై పాఠకుల మాటలు ముఖ్యంగా మూడు విషయాల చుట్టూ తిరుగుతాయి. మొదటిది జూలియట్ మాతృత్వం. పసిబిడ్డ ఉన్న పాఠకురాళ్ళు ఆమె నిద్రలేమిలో తమను తాము చూసుకొని నవ్వుకొన్నారు; మరికొందరు మాత్రం ఎప్పుడూ సణుగుతుందని, బిడ్డను పట్టుకొని ప్రమాదాల వెంట పోతుందని, ఇదేమి తల్లి అని విసుక్కొన్నారు. రెండవది ఆమె కుతూహలం. పరాయి ఇంటి వ్యవహారాలలో ఈమెకేమి పని? మూడవది ఆ యూద కుటుంబ చిత్రణ. ఒక మూసి ఉన్న లోకాన్ని చూపించిందని కొందరు, వెలుపలి చూపుతో చూపించిందని కొందరు. ఈ మూడు ప్రశ్నలూ అమెరికాకే పరిమితమైనవి కావు. మన ఇంటి గడప లోపల కూడా ఉన్నాయి.

ముందుగా ‘ఇదేమి తల్లి’ అన్న తీర్పును చూద్దాం. ఇబ్న్ సఅద్ నమోదు చేసిన ఉల్లేఖనం ఒకటి సుప్రసిద్ధం. మదీనా వెలుపల ఒక వర్తక బృందం విడిది చేసింది. హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆ రాత్రి దానికి కాపలా కాశారు. ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించి ఉమర్ (రజి) దగ్గరకు వెళ్ళి, బిడ్డ సంగతి చూడమని తల్లికి చెప్పి వచ్చారు. మళ్ళీ ఏడుపు, మళ్ళీ వెళ్ళారు. మూడవసారి వెళ్ళినప్పుడు మాత్రం, నీవు మంచి తల్లివి కావని మందలించారు. తన ఎదుట ఉన్నది ఎవరో తెలియని ఆ స్త్రీ విసిగిపోయి అసలు సంగతి చెప్పింది. ఖలీఫా ఉమర్ పాలు మరచిన పిల్లలకే భత్యం ఇస్తున్నారు గనుక, తాను బిడ్డ చేత బలవంతంగా పాలు మాన్పిస్తున్నానన్నది. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఆయన ఏడుపు వలన ఖుర్ఆన్ పారాయణం జనులకు స్పష్టంగా వినబడలేదట. నమాజు ముగియగానే, ఇకమీదట పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిన నాటి నుండే భత్యం అని ఆజ్ఞ జారీ చేశారు.

ఈ సంఘటనలోని క్రమాన్ని గమనించండి. ముందు తల్లిపై నింద పడింది. కారణం అడిగాక, తప్పు తల్లిలో లేదని, ఆమె చుట్టూ ఉన్న ఏర్పాటులో ఉన్నదని తేలింది. ఆ ఏర్పాటు చేసినవారు దానిని సరిదిద్దారు. మన ఇండ్లలో ఈ క్రమం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నది. బాలింత చిరాకు పడితే ‘కోడలికి ఓపిక లేదు’ అంటాము. ఏడిస్తే ‘లోకంలో నీవొక్కతెవే కన్నావా’ అంటాము. కారణం అడిగేవారు కరవు. జూలియట్‌ను నిందించిన పాఠకులు కూడా ఒక చిన్న ప్రశ్న వేసుకోలేదు: ఆ బిడ్డను ఆమె వెంట తీసుకుపోక ఎవరి చేతిలో పెట్టాలి?

దివ్యఖుర్ఆన్ బాలింత శ్రమను దాచిపెట్టలేదు. తల్లి నీరసంపై నీరసాన్ని భరించి బిడ్డను మోసిందని లుఖ్మాన్ సూరా (31:14) గుర్తు చేస్తుంది. గర్భధారణకు, పాలు మాన్పించడానికి కలిపి ముప్పై నెలలని అహ్ఖాఫ్ సూరా (46:15) లెక్క చెబుతుంది. పాలిచ్చే తల్లి తిండి, బట్ట తండ్రి బాధ్యత అని బఖరా సూరా (2:233) శాసిస్తుంది. హజ్రత్ మర్యమ్ (అలైహిస్సలాం) ప్రసవ వేదనలో, తాను ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండునని పలికిన మాటను మర్యమ్ సూరా దాచలేదు, మందలించలేదు. ఆమెకు వెంటనే లభించినవి ఓదార్పు, నీరు, ఖర్జూరాలు. ఉపదేశం కంటే ముందు ఆహారం అందింది. ఇది మనం నేర్చుకోదగిన క్రమం.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) నమాజును దీర్ఘంగా చేయాలని సంకల్పించి కూడా, పసిబిడ్డ ఏడుపు వినబడితే తల్లి మనోవేదనను తలచి కుదించేవారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. పురిటి రక్తస్రావ కాలంలో షరీఅత్ నమాజును మినహాయించింది. తిరిగి చేయవలసిన అవసరం కూడా లేదు. అల్లాహ్ తన హక్కునే సడలించిన దినాలలో, మనం మన వంటపని హక్కును, అతిథి మర్యాదల హక్కును ఎందుకు సడలించలేము? మన పెద్దలు పాటించిన నలుబది దినాల చిల్లా వెనుక ఉన్న వివేకం విశ్రాంతియే. నేడు నగరాలలోని అపార్ట్‌మెంట్లలోను, ఉద్యోగరీత్యా విదేశాలకు వెళ్ళిన మన బిడ్డల ఇండ్లలోను చిల్లా పేరు మిగిలింది. చేయూతనిచ్చే చేతులు మిగలలేదు.

ఇది కేవలం అలసట సమస్య కూడా కాదు. ప్రసవించిన స్త్రీలలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 13 శాతం మంది, అభివృద్ధి చెందుతున్న దేశాలలో సుమారు 20 శాతం మంది మానసిక రుగ్మతకు, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే మన ప్రాంతాలలో అయిదుగురు బాలింతలలో ఒకరన్నమాట. ఇది ఈమాన్ లోపం కాదు, దిష్టి అని త్రోసివేయదగినది కాదు. దుఆ చేయండి, వైద్యునికీ చూపించండి. వ్యాధికి చికిత్స చేయించుకోమన్నది ప్రవక్త (స) ఆదేశమే. ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సహాయ సంఖ్య 14416 ను ప్రతి ఇంటిలోను వ్రాసిపెట్టుకోవాలి.

ఇక రెండవ విషయం, కుతూహలం. హుజురాత్ సూరా (49:12) అతి అనుమానాలను, ఇతరుల గుట్టు వెదకడాన్ని, పరోక్ష నిందను ఒకే వరుసలో నిషేధించింది. గుట్టు వెదకడానికి అక్కడ వాడిన పదం ‘తజస్సుస్’. మన ఉర్దూలోని ‘జాసూస్’ ఆ ధాతువు నుండి పుట్టినదే. అయితే పరిశోధన అంతా నిషిద్ధమేనా? కాదు. యూసుఫ్ సూరాలో తప్పిపోయిన కుమారుని కోసం హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) తన కుమారులను పంపుతూ, యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెదకండని, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండని చెబుతారు (12:87). అక్కడి పదం ‘తహస్సుస్’. మొదటి పదం ఎక్కువగా చెడుకు, రెండవది ఎక్కువగా మేలుకు వాడబడుతుందని ఇబ్న్ కసీర్ తన వ్యాఖ్యానంలో వివరించారు. తప్పులు ఏరడానికి తొంగిచూడడం వేరు, తప్పిపోయినవారిని వెదకడం వేరు. ప్రాణహాని జరుగనున్నదని నమ్మదగిన వ్యక్తి ద్వారా తెలిసినప్పుడు, జాప్యం వలన తీరని నష్టం కలుగుతుందనుకొంటే, ఆరా తీయడం సమ్మతమేనని ఇమామ్ మావర్దీ ‘అల్ అహ్కాముస్సుల్తానియ్యా’లో వ్రాశారు. కనుక ఫ్రేడెల్ ఏమయిందని అడగడం వరకు జూలియట్ చేసినది మెచ్చదగిన పనే. ఆ నెపంతో ఇతరుల గుట్టులన్నిటినీ తెరిచి చూడడానికి మాత్రం అనుమతి లేదు. నవల చదివేటప్పుడు ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉన్నదో పిల్లలతో చర్చించండి, మంచి పాఠమవుతుంది.

మూడవది ఆ కుటుంబ చిత్రణ. గడ్డం, తల కప్పుకొన్న స్త్రీలు, ధర్మసమ్మతమైన ఆహారం, పెద్దలు కుదిర్చే సంబంధాలు — ఈ లక్షణాలు చదువుతుంటే మనకు పరాయివిగా తోచవు. వెలుపలివారు మన ఇండ్లను కూడా ఇలాగే వింతగా చూస్తారు. ఒక జాతి పట్ల గల వైరం మిమ్మల్ని న్యాయం తప్పనివ్వరాదని మాయిదా సూరా (5:8) హెచ్చరిస్తుంది. మనపై అపోహలను ఖండించే మనం, యూద కుటుంబాన్ని గూర్చిన నవల చదివి ‘వారంతా ఇంతే’ అనుకొంటే అది న్యాయం కాదు. అది ఒక కల్పిత కుటుంబం. ఒక సమాజం మొత్తంపై సాక్ష్యం కాదు.

అయినా ఆ కల్పిత తల్లిదండ్రుల మౌనం మనల్ని కలవరపెట్టాలి. ఆడపిల్ల కనిపించకపోతే ముందుగా గుర్తుకు వచ్చేది పిల్ల ప్రాణమా, ఇంటి పరువా? మన ఊళ్ళలో కూడా ‘నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావు’ అన్న ఒక్క మాటతో విలువైన గంటలు వృథా అవుతున్నాయి. యాఖూబ్ (అలైహిస్సలాం) తన దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకొన్నారు. వెదకడం మాత్రం మానలేదు. ఒక ప్రాణాన్ని కాపాడడం సమస్త మానవాళిని కాపాడడంతో సమానమని మాయిదా సూరా (5:32) చెబుతుండగా, పరువు పేరిట ప్రాణాన్ని పణంగా పెట్టే అధికారం ఏ తండ్రికీ లేదు. తప్పిపోయిన పిల్లల విషయంలో ప్రతి ఫిర్యాదును కేసుగా నమోదు చేయాలని మన సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. బాలల సహాయానికి 1098, ఏ అత్యవసరానికైనా 112. ముందు పిల్ల క్షేమంగా ఇంటికి రావాలి. తక్కిన మాటలు తరువాత.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఇటువంటి నవలలు చదవవచ్చునా? అశ్లీలత లేనిదై, నేరాన్ని అందంగా చూపనిదై, నమాజును, బాధ్యతలను మరపించనిదైతే తప్పు పట్టను. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఈ శాఖలో హత్య వినోదానికి సాధనమవుతుంది. చనిపోయిన వ్యక్తి ఒక చిక్కుముడిగా మిగిలిపోతాడు. మనిషి ప్రాణం అంత చులకన కాదన్న ఎరుకతో చదవాలి. చదివాక కథలో హంతకుడు ఎవరో మరచిపోయినా ఫరవాలేదు. మన ఇంటిలో నిద్రలేని తల్లి ఎవరో మాత్రం కనిపెట్టాలి.

సోదరులారా, ఇంటి పనులలో భార్యలకు తోడుగా ఉండేవారని ప్రవక్త (స) గురించి హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. ఈ రాత్రి బిడ్డ ఏడిస్తే మీరు లేవండి. అత్తలారా, కోడలు పడుకొని ఉంటే తలుపు మెల్లగా దగ్గరకు వేయండి. ఇది ఏ గ్రంథంలోనూ పెద్ద ఆరాధనగా వ్రాసి ఉండకపోవచ్చు. కాని తల్లి కునుకు కోసం ఎవరు నిశ్శబ్దంగా నడిచారో అల్లాహ్‌కు తెలుసు. ఆయన మన ఇండ్లలోని తల్లులకు ఊరటను, మన పిల్లలకు రక్షణను, మనకు మృదుత్వాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.