స్వాగతం పట్టభద్రులకే

స్నాతకోత్సవం నాడు పుంగనూరు నుంచో సత్యవేడు నుంచో తొలి బస్సెక్కి తిరుపతికి వచ్చే తల్లిదండ్రులు ఉంటారు. బిడ్డ పట్టా అందుకోవడం కళ్లారా చూడాలని వాళ్ల ఆశ. ఊరేగింపు వేదిక చేరుతుంది, కులపతి ఉత్సవం ప్రారంభమైందంటారు, ఉపకులపతి స్వాగతోపన్యాసం అందుకుంటారు. అతిథుల పదవులు, బిరుదులు, ఆ వెంటే ర్యాంకులు, గ్రేడ్లు, నిధులతో ప్రగతి నివేదిక. చాలావరకు ఇంగ్లీషులోనే. పట్టభద్రుల ప్రస్తావన వచ్చేసరికి ప్రసంగం ముగింపుకొస్తుంది.

ఈ పద్ధతి మారాలని మా గట్టి అభిప్రాయం. అతిథిని గౌరవించాల్సిందే, కాదనం. కానీ ఆ రోజు ఎవరిది? తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో చదువు పూర్తిచేసిన శిష్యుడితో గురువు నేరుగా మాట్లాడతాడు. ఎలా బతకాలో, అమ్మానాన్నల్ని ఎలా చూసుకోవాలో చెబుతాడు. ప్రతి మాటా ఆ శిష్యుడి కోసమే.

1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చాయి. ఇంటిల్లిపాదిలో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్లలెందరికో అవే దిక్కయ్యాయి. ఈ ఏడాది అలాంటివాళ్లు ఎందరు, ఏ మండలాల వాళ్లు, ఎవరు దేనిమీద పరిశోధించారు, పెళ్లయ్యాక మళ్లీ పుస్తకం పట్టిన ఆడవాళ్లెవరు? విశ్వవిద్యాలయం గర్వంగా చెప్పుకోవాల్సిన ప్రగతి అదే.

ఇదంతా తెలుగులో చెబితే నిండుదనం రాదనే సంకోచం కొందరికి ఉంది. చిత్తూరు పక్కనే కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపకులపతి. ఇంగ్లీషు ప్రసంగాలకు పేరుమోసిన మనిషి. అంతటివాడూ కవిత్వం గురించి లోతుగా తర్కించాల్సి వచ్చినప్పుడు తెలుగులో ‘కవిత్వతత్త్వ విచారము’ రాశాడు. విద్వత్తుకు మన భాష చాలదనడానికి ఆ ఊరి పక్కనున్న మనకు నోరెలా వస్తుంది?

స్నాతకోత్సవాల్లో చేనేత వస్త్రాలు ధరించమని యూజీసీ 2019లో సూచించింది. మంచి సూచన. బట్టకు దక్కిన చోటు మాటకూ దక్కాలి.

ప్రగతి నివేదికను అచ్చువేసి పంచితే చాలు, చదవక్కర్లేదు. అలా మిగిలిన సమయంలో ఉపకులపతి వెనక వరసలవైపు చూసి, బిడ్డను చదివించిన అమ్మానాన్నలకు తెలుగులో నమస్కారం చెప్పాలి. మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న కుప్పంలోనైతే తమిళంలో, కన్నడంలో కూడా.