కుండీలకు నీళ్లు పోయు వంతు

మా పాఠశాల ముంగిట కడియపులంక తోటలనుండి తెప్పించిన మందారపు కుండీలు పండ్రెండు ఉండెను. ప్రతిదినము మొదటి గంటకు ముందు, వంతు ప్రకారము ఒక విద్యార్థి కుండీకొక చెంబు చొప్పున నీళ్లు పోయవలెనని నియమము చేసినవారము మేమే. వానకాలము గడచునప్పటికి ఏడు మొక్కలు చచ్చినవి. తన వంతు రెండుమార్లు తప్పిన యొక బాలుని నలుగురిలో మందలించితిమి. పిదప చచ్చిన మొక్కలను పెరికి చూడగా, వేళ్లు నల్లబడి, చేతికి జిగటగా నూడి వచ్చి, మురుగు కంపు కొట్టినవి. అవి దాహముచే చావలేదు. తప్పు మాది.

వేరు నీటిని త్రాగుటయే గాక గాలిని గూడ పీల్చును. మట్టిలోని సందులన్నియు నీటితో నిండినచో గాలికి చోటుండదు. ప్రాణవాయువు గాలిలోకంటె నీటిలో సుమారు 10,000 రెట్లు మెల్లగా వ్యాపించును. ఊపిరాడని వేరు కుళ్లును. కుళ్లిన వేరు నీటిని పైకి పంపజాలదు గనుక ఆకులు వాడును. వాడిన ఆకును జూచి జాలిపడిన పిల్లవాడు మరియొక చెంబు పోయును. ఈ జాలియే మా మందారములను చంపినది.

యారాడలో ఈ పొరపాటు మరింత సులభము. డాల్ఫిన్స్ నోస్ కొండకు వెనుక, సముద్రమున కెదురుగా నున్న యీ గ్రామమున గాలి కుండీ పైమట్టిని ఒక్క పూటలో ఆర్చివేయును. పైన పొడి, క్రింద బురద. కావున కంటిని నమ్మక, వ్రేలిని రెండు కణుపులవరకు మట్టిలో గ్రుచ్చి చూడవలెను. చెమ్మ తగిలినచో చెంబు దింపి తరగతికి పోవచ్చును. పొడిగా నున్నచో అడుగు రంధ్రమునుండి నీరు కారువరకు మెల్లగా పోయవలెను. దినమునకొక గ్రుక్కెడు పోసినచో వేళ్లు పైపొరలోనే యుండిపోవును. నిండుగ పోసి ఆరనిచ్చినచో క్రిందికి దిగును. పళ్లెములో నిలిచిన నీటిని వెంటనే పారబోయవలెను. డెంగీ దోమ గ్రుడ్లు పెట్టునది అట్టి నీటిలోనే.

అడుగున గులకరాళ్లు పరచినచో నీరు బాగుగ దిగునని పలువురు నమ్ముదురు. మేమును నమ్మితిమి. కాని సన్నని మట్టిలోని నీరు రాళ్లవరకు వచ్చి, వాటి పైననే ఆగిపోవును. రంధ్రము పూడకుండ ఒక పెంకు ముక్క చాలును. మట్టి గుల్లగుటకు మన సముద్రపు ఇసుకను మాత్రము కలుపవద్దు; అందలి యుప్పు వేరునకు హాని.

వంతులు మానినచో పిల్లలకు క్రమశిక్షణ యెట్లబ్బునని కొందరు తల్లిదండ్రులు అడిగిరి. వంతులు ఉండవలసినదే. అయితే అది పోయు వంతు గాక చూచు వంతు కావలెనని మా యభిప్రాయము. మే నెలలో మట్టికుండీకి దినము రెండుమార్లు నీరు కావలసి రావచ్చును. శ్రావణమున వారము వరకు అక్కరలేకపోవచ్చును. గంట కొట్టినంత మాత్రమున మొక్కకు దాహము వేయదు.

ఆ బాలునికి తరగతిలోనే క్షమాపణ చెప్పితిమి. మిగిలిన యైదు కుండీల పుస్తకము ఇప్పుడు అతనియొద్ద నున్నది. నిన్నటి పుటలో నాలుగింటి కెదురుగా "చూచితిని, పోయలేదు" అని వ్రాసియున్నది.