బోర్డులో కూర్చునేదొకరు, డబ్బు కట్టేదొకరు

నాట్ల కూలిలోంచి, కలుపు కూలిలోంచి నెలకు వందో రెండొందలో మిగిల్చి ఏజెంటు చేతిలో పెట్టిన కుటుంబాలు మన పల్లెల్లో కోకొల్లలు. ఆ ఏజెంటు ఎక్కడివాడో కాదు. ఊళ్లో కుర్రాడే. చదువుకుని ఉద్యోగం దొరక్క కమీషను మీద తిరుగుతున్నవాడు. "పిన్నీ, గడువు తీరాక డబ్బన్నా వస్తుంది, ప్లాటన్నా వస్తుంది" అన్నాడు. పిన్ని కట్టింది. విజయవాడ కేంద్రంగా పెరిగిన అగ్రిగోల్డ్ వసూళ్లు ఇలాగే సాగాయి. సుమారు 32 లక్షల మంది దగ్గర 6,380 కోట్ల రూపాయలు పోగేసినట్టు చివరికి లెక్క తేలింది.

మోసం చేసినవాళ్లను జైల్లో పెట్టండి అనడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. జైలు సరే. 2016లో ఆ కంపెనీ ఛైర్మన్ అరెస్టయ్యాడు, కేసులు నడిచాయి. కానీ పిన్ని డబ్బు ఒక కంపెనీ ఖాతాలోంచి ఇంకో కంపెనీ ఖాతాలోకి పోతున్నప్పుడు "ఆగండి, ఇది మీ సొమ్ము కాదు" అనాల్సిన మనిషి ఆ బోర్డులో ఎవరు? ఈ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ.

నిజానికి ఆ మనిషి ఉండాలని చట్టం ఎప్పుడో చెప్పింది. జనం దగ్గర సొమ్ము పోగేసి తోటలు వేస్తాం, భూములు కొంటాం అనే కంపెనీల కోసం సెబీ 1999లో నిబంధనలు తెచ్చింది. కంపెనీ రిజిస్టరు కావాలి. డైరెక్టర్లలో సగం మందికి యజమానులతో సంబంధం ఉండకూడదు. స్కీము సొమ్ము వేరుగా ఉండాలి. దానికి కాపలాగా యజమానికి చెందని ట్రస్టీ ఉండాలి. ఇంత లాభం ఖాయం అని ముందే మాటివ్వకూడదు. కాగితం మీద ఏ లోటూ లేదు.

మరి కంపెనీలు ఏం చేశాయి? నిబంధనల్లోకి రావడమే మానేశాయి. "మేం స్కీము నడపడం లేదు, భూమి అమ్ముతున్నాం, ఇది అడ్వాన్సు" అన్నాయి. రసీదు మీద ఒక్క మాట మారిస్తే ట్రస్టీ అక్కర్లేదు, బయటి డైరెక్టరు అక్కర్లేదు! ఉత్తరాదిలో పుట్టి దేశమంతా పాకిన పి.ఎ.సి.ఎల్. ఈ వాదనతోనే ఏళ్ల తరబడి కోర్టుల్లో నెట్టుకొచ్చింది. 2013లో సుప్రీంకోర్టు సెబీ చేతులు విప్పింది. 2014 ఆగస్టులో సెబీ, దాదాపు 5.85 కోట్ల మందికి 49,100 కోట్ల రూపాయలు తిరిగి కట్టమంది. 2016లో ఆ భూములు అమ్మి పంచే పనిని సుప్రీంకోర్టు జస్టిస్ లోధా కమిటీకి అప్పగించింది. దేశంలో ఇంతమంది సొమ్ము కట్టేదాకా, తమకు చట్టం వర్తించదని ఒక కంపెనీ వాదిస్తూ కూర్చోగలిగిందంటే లోపం ఒక్క కంపెనీదేనా?

ఇక అగ్రిగోల్డ్ సంగతి. వసూలైన సొమ్మును నూటికి పైగా కంపెనీలు పెట్టి వాటిలోకి మళ్లించారనేది ఇ.డి. ఆరోపణ. 2020 డిసెంబరులో ఇ.డి. అరెస్టు చేసింది ఛైర్మన్నూ, ఆయన సోదరులనూ. అంటే ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ లెక్క రాసేవాడూ ఒకే ఇంటివాళ్లు. మన వాళ్లకు ఇది కొత్త కాదు. కల్లంలో ధాన్యం కొలిచేవాడు దొర మనిషే, పద్దు రాసే గుమాస్తా దొర మనిషే అయినప్పుడు పాలేరు వాటా ఎంత తేలేదో ముసలివాళ్లను అడిగితే చెబుతారు.

నిబంధనలు వట్టి కాగితాలేనని కొందరు కార్యకర్తలు కొట్టిపారేస్తారు. అది సరికాదనడానికి ఇంకో కథ ఉంది. అయితే అది చాలావరకు పట్నపు డబ్బున్నవాళ్ల కథ.

ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే మ్యూచువల్ ఫండ్ 2020 ఏప్రిల్ 23న ఆరు స్కీములను ఒక్కసారిగా మూసేసింది. సుమారు 25 వేల కోట్ల రూపాయలు ఇరుక్కున్నాయి. ఒక డైరెక్టరూ ఆయన భార్యా మూతకు ముందే తమ సొమ్ము వెనక్కి తీసుకున్నారని సెబీ 2021 జూన్‌లో జరిమానా వేసింది. వాళ్లు అప్పీలుకు వెళ్లారు. కంచే చేను మేసిందా లేదా అన్నది అలా ఉంచండి. ఇక్కడ చూడవలసింది ఏమిటంటే, ఆ స్కీముల సొమ్ము కంపెనీ సొంత సొమ్ముతో కలవలేదు. 1996 మ్యూచువల్ ఫండ్ నిబంధనల ప్రకారం అది ట్రస్టు పేర ఉంది. మదుపరుల అనుమతి లేనిదే మూయడానికి వీల్లేదని కర్ణాటక హైకోర్టు 2020 అక్టోబరులో చెప్పింది. డిసెంబరులో మదుపరులు ఓటు వేశారు. తర్వాత కోర్టు ఆదేశంతో బయటి సంస్థ ఆస్తులు అమ్మి, వాయిదాల్లో సొమ్ము పంచింది. ఆలస్యమైనా డబ్బు తిరిగొచ్చింది.

ఆ దెబ్బ తర్వాత 2021లో సెబీ ఇంకో నియమం పెట్టింది: ఫండు నడిపే పెద్ద ఉద్యోగుల జీతంలో ఐదో వంతు, వాళ్లు నడిపే స్కీముల్లోనే పెట్టాలని అప్పట్లో అంది. వండినవాడు కూడా ఆ కూడే తినాలన్నమాట. (పెద్ద జీతగాళ్లు గొణిగారు. గొణగరా మరి!)

పట్నపు మదుపరికి ట్రస్టీ, ఓటు. పల్లె కూలికి రసీదు ముక్క. తేడా ఇదీ. అగ్రిగోల్డ్ బాధితులకు కొంతైనా ముట్టింది బోర్డు వల్ల కాదు, రోడ్డెక్కి ఏళ్ల తరబడి చేసిన ఆందోళన వల్ల. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో పదివేల లోపు కట్టినవాళ్లకూ, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపు వాళ్లకూ ఖజానా నుంచి చెల్లించింది. ఖజానా అంటే మళ్లీ మనం కొనే ఉప్పూ పప్పూ మీద వేసిన పన్నే. యజమానులు మింగింది జనం పన్నుతో పూడ్చారు.

ఈలోగా ఊళ్లో ఏం జరిగింది? ఛైర్మన్ ముఖం ఎవరూ చూడలేదు కాబట్టి ఏజెంటు గుమ్మం ముందు కూర్చున్నారు. కొందరు ఏజెంట్లు ఊరు వదిలారు, కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఏ బోర్డు సమావేశంలోనూ వాళ్లకు కుర్చీ లేదు.

2019లో పార్లమెంటు అనుమతి లేని డిపాజిట్ల నిషేధ చట్టం చేసింది. సొమ్ము తీసుకున్నవాడికే కాదు, కట్టమని అడిగినవాడికీ ఏడాది నుంచి ఐదేళ్ల దాకా జైలు. అంటే ఇప్పుడు ఆ కుర్రాడు కూడా ముద్దాయే. కనుక వ్యవసాయ కార్మిక సంఘం కార్యకర్తలు ముందు వెళ్లాల్సింది ఏజెంటు దగ్గరికే, శత్రువులా కాదు, తమ్ముడనుకునే. "మీ కంపెనీ సెబీ దగ్గరో రిజర్వు బ్యాంకు దగ్గరో రిజిస్టరైన నంబరు చూపించు. బోర్డులో యజమాని బంధువు కానివాళ్లు ఎంతమంది? మా డబ్బు ఎవరి పేరున ఖాతాలో ఉంటుంది?" అని అడగండి. నంబరు చెబితే నోటిమాటగా వదలొద్దు, సెబీకి రాసి సరిచూడండి. భూమి అడ్వాన్సు అంటే సర్వే నంబరు అడిగి, రిజిస్ట్రారు ఆఫీసులో ఆ భూమి ఎవరి పేర ఉందో ఈ.సి. తీయించండి. జవాబు లేకపోతే ఆ వారం వాయిదా కట్టకండి, అతన్నీ కట్టించొద్దనండి.